ఏ లైన్ల ఉన్నదో చూపెట్టు: హనుమకొండ డిగ్రీ క్లాసులో ఒక కవిత

ఇంటర్నల్ అసైన్‌మెంట్లు దిద్దుతున్నాను. ఇచ్చిన కవిత మన దేశపు ఇంగ్లీషు కవి నిస్సిం ఎజెకియెల్ రాసిన ‘నైట్ ఆఫ్ ద స్కార్పియన్’. 30వ పేపరు దగ్గరికి వచ్చేసరికి అనుమానం వచ్చి, దిద్దినవన్నీ మళ్ళీ ముందేసుకున్నాను. 26 పేపర్లలో మొదటి వాక్యం ఒకటే: ఈ కవిత మూఢనమ్మకానికీ సైన్సుకీ మధ్య జరిగే సంఘర్షణను చూపిస్తుంది. కామా పెట్టిన చోటు కూడా మారలేదు.

చూసి రాశారని కోపం రాలేదు. ఆ వాక్యం గైడులో ఉంది, ఫోన్లో ఉంది, ఏళ్ళుగా నేను వాడుతున్న నోట్సులో కూడా ఉంది. బాధ వేరే. మా పిల్లల్లో ఎక్కువమంది పరకాల, ఆత్మకూరు, నర్సంపేట, ములుగు వైపు ఊళ్ళ నుంచి వస్తారు. తేలు కుట్టిన రాత్రి ఇల్లు ఎట్లా ఉంటుందో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. వాళ్ళకు తెలిసిన ఆ రాత్రి ఒక్క పేపరులోనూ లేదు. ఇంగ్లీషు పేపరు ముందుకు రాగానే తమకు తెలిసినదంతా గుమ్మం బయటే విడిచి లోపలికి వస్తున్నారు.

ఆ తరువాతి బ్యాచ్‌తో ఒక సెమిస్టర్ పాటు అదే కవితను వేరే పద్ధతిలో చదివించాను. ఏం చేశానో, ఎక్కడ దెబ్బ తిన్నానో, ఏం మిగిలిందో రాస్తున్నాను. జనరల్ ఇంగ్లీషు చెప్పే తోటి లెక్చరర్లకు పనికొస్తుందని ఆశ.

మాది కాకతీయ యూనివర్సిటీ పరిధిలో నడిచే డిగ్రీ కాలేజీ. బీఏ, బీకాం, బీఎస్సీ పిల్లలు జనరల్ ఇంగ్లీషుకు ఒకే గదిలో కూర్చుంటారు. ఆ సెక్షన్‌లో 46 మంది. మీడియం పేరుకు ఇంగ్లీషే, ఆలోచన మాత్రం తెలుగులోనే నడుస్తుంది. చాలామంది వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళు.

మొదటి ప్రయత్నం

అంతకు రెండేళ్ళ ముందు ఒకసారి ‘లిటరరీ క్రిటిసిజం నేర్పిస్తాను’ అని మొదలుపెట్టాను. ఫార్మలిజం, మార్క్సిజం, ఫెమినిజం, పోస్ట్‌కలోనియలిజం, సాహిత్యాన్ని చూసే ఒక్కో వాదానికి ఒక్కో పేజీ హ్యాండవుట్ ఇచ్చాను. పిల్లలు చక్కగా చదివారు. పరీక్షలో కూడా చక్కగా రాశారు: మార్క్సిస్టు దృష్టిలో ఈ కవిత వర్గ సంఘర్షణ, ఫెమినిస్టు దృష్టిలో ఈ కవిత స్త్రీ అణచివేత. కవితలో ఏ మాట చూసి అలా అన్నారని అడిగితే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఒక గైడు తీసేసి నాలుగు గైడ్లు చేతికిచ్చాను, అంతే.

వాదాలు అవసరం లేదని నా ఉద్దేశం కాదు. ఎంఏలో అవి లేకుండా కుదరదు. కానీ కవితలో ఏముందో చూడడం రాకముందే ఏ కళ్ళద్దం పెట్టుకోవాలో చెప్తే, పిల్లలు కళ్ళద్దాన్ని వర్ణిస్తారు, కవిత అలాగే మిగిలిపోతుంది.

ఈసారి వెనక్కి వెళ్ళి ఇంగ్లీషు విమర్శకుడు ఐ. ఏ. రిచర్డ్స్ దగ్గర ఆగాను. కేంబ్రిడ్జ్‌లో ఆయన కవి పేరు, కాలం ఏమీ చెప్పకుండా కవితలు పంచి, ఏమనిపించిందో రాసివ్వమని అడిగేవాడు. అట్లా 13 కవితలపై వచ్చిన రాతల్ని విడదీసి చూసి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అచ్చువేశాడు. రాసినవాళ్ళు పెద్ద చదువులు చదువుకుంటున్నవాళ్ళే. అయినా చాలామంది కవిత మామూలు అర్థం దగ్గరే తడబడ్డారు. ఆయన పట్టుకున్న ఇబ్బందుల్లో మూడు నాకు మా క్లాసులో రోజూ కనిపించేవే. వాక్యానికి సాదా అర్థం తెలియకపోవడం ఒకటి. ముందే నాలుక మీద సిద్ధంగా ఉన్న జవాబు చెప్పేయడం ఇంకొకటి, మన గైడు వాక్యం దీని కిందికే వస్తుంది. మూడోది, కవితకు సంబంధం లేని సొంత జ్ఞాపకం అడ్డుపడడం. ఈ మూడో దాని దగ్గరే నేను తప్పు చేశాను. అది తరువాత.

పంచిన కాగితం

కవి పేరు లేదు, శీర్షిక లేదు. కవిత మాత్రం, పక్కన లైన్ల నంబర్లు. ‘ఈ రెండు పీరియడ్లు ఫోన్లు సంచుల్లో ఉండాలి. తెలుగులో మాట్లాడొచ్చు, తెలుగులో రాయొచ్చు. తప్పు రాస్తే మార్కులు పోవు, ఎందుకంటే మార్కులే లేవు’ అన్నాను. మార్కుల్లేవు అనగానే వెనక బెంచీల్లో టెన్షన్ తగ్గడం కళ్ళకు కనిపించింది.

కవిత తెలియనివాళ్ళ కోసం కథ చెప్తాను. పది గంటలు ఆగకుండా కురిసిన వానకు ఒక తేలు ఇంట్లోకి వచ్చి బియ్యం బస్తా కింద దూరుతుంది. చీకటి గదిలో అమ్మను కుట్టి మళ్ళీ వానలోకే వెళ్ళిపోతుంది. ఊరి రైతులు ఈగల గుంపుల్లా వచ్చి దేవుడి పేరు వందసార్లు రొదపెడతారు. లాంతర్లు పట్టుకుని వెతికినా తేలు దొరకదు. అది కదిలిన కొద్దీ అమ్మ ఒంట్లో విషం కదులుతుందంటారు. పోయిన జన్మ పాపాలు ఈ రాత్రి కాలిపోనీ అంటారు. నాన్న దేన్నీ నమ్మనివాడు, హేతువాది. ఆయన కూడా తిట్టూ దీవెనా, పొడీ పసరూ అన్నీ చేసి చూస్తాడు, కుట్టిన కాలి వేలి మీద పారఫిన్ పోసి అగ్గిపుల్ల అంటిస్తాడు. ఒక సాధువు మంత్రం వేస్తాడు. 20 గంటలకు నొప్పి తగ్గుతుంది. అప్పుడు అమ్మ ఒక్క మాటే అంటుంది: దేవుని దయ, తేలు నన్ను కుట్టింది, నా పిల్లల జోలికి పోలేదు.

మొదటి గొడవ పారఫిన్ దగ్గర. బీఎస్సీ అబ్బాయి ఒకడు పారఫిన్ అంటే మైనమే అని పట్టుబట్టాడు, కెమిస్ట్రీలో పారఫిన్ వాక్స్ చదివాడు మరి. కొవ్వొత్తి మైనం కరిగించి వేలి మీద పోశారని అర్థం చేసుకుని, అది కాపడం లాంటి వైద్యమని పేరా రాశాడు. డిక్షనరీలో రెండర్థాలూ ఉన్నాయి. ఎలా తేల్చాలి? నేను చెప్పేయబోయి ఆగాను. ముందు బెంచీ అమ్మాయి లేచి, ‘కొంచెం పోసిండు అన్నడు, తర్వాత అగ్గిపుల్ల పెట్టిండు అన్నడు. మైనమైతే ముందు కరగబెట్టాలె కదా. ఇది గ్యాస్‌నూనె మేడమ్’ అంది. గ్యాస్‌నూనె అనగానే గది మొత్తానికీ ఆ వేలి మంట తగిలింది. మా వైపు కిరోసిన్‌ను ఇప్పటికీ పెద్దవాళ్ళు అలాగే అంటారు. డిక్షనరీ ఎటూ తేల్చని మాటను పక్కనున్న రెండు క్రియలు తేల్చాయి. ఏ సిద్ధాంతం పేరూ ఎత్తకుండా క్లాసు చేసిన మొదటి విమర్శ ఇదే.

పత్తి, తేమ, చూపెట్టు

ఆధారం అంటే ఏమిటో చెప్పడానికి నేను రెండు మూడు ఉదాహరణలు తయారు చేసుకుని వెళ్ళాను. అవేవీ అంటుకోలేదు. అంటుకున్నది ఒక బీకాం అబ్బాయి చెప్పిన సంగతి.

వాళ్ళ నాన్నతో ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్ళాడు. కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి తీసి నలిపి, ‘తేమ ఉన్నది, రేటు తగ్గుతది’ అన్నాడట. వాళ్ళ నాన్న ఊరుకోలేదు. ‘ఎంత ఉన్నదో మిషన్ పెట్టి చూపెట్టు’ అన్నాడట. పత్తి పండించే ఇంట్లో ఈ లెక్క అందరికీ తెలుసు. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్ళు 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర ఇస్తారు, 12 దాకా కోత పెట్టి తీసుకుంటారు, అది దాటితే తీసుకోరు. ఒక్క అంకె మీద ఇంటి ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది. అక్కడ ‘నాకట్ల అనిపించింది’ అంటే కుదరదు.

‘మరి ఈ కవిత మూఢనమ్మకం గురించి అని రాసినప్పుడు నిన్ను ఎవరన్నా మిషన్ పెట్టి చూపెట్టమన్నారా?’ అని అడిగాను. నవ్వి, ‘లేదు మేడమ్, గైడు నలిపి చెప్పింది, మేం ఒప్పుకున్నం’ అన్నాడు.

ఆ రోజు నుంచి క్లాసులో ‘చూపెట్టు’ ఒక పారిభాషిక పదమైంది. ఎవరేమన్నా పక్కవాళ్ళు ‘ఏ లైన్ల ఉన్నదో చూపెట్టు’ అంటారు. థీసిస్, టెక్స్చువల్ ఎవిడెన్స్ అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా రాని పని ఈ ఒక్క మాట చేసింది.

ఇక్కడ ఒక మాట. ‘విమర్శ’ అనగానే మా పిల్లలకు గుర్తొచ్చేది న్యూస్ చానెల్: ప్రతిపక్షం విమర్శించింది, అధికార పక్షం తిప్పికొట్టింది. అందుకే ‘ఈ కవితను విమర్శించండి’ అంటే ముందు తప్పులు వెతుకుతారు. సంస్కృతంలో ఈ మాటకు మూలమైన ‘మృశ్’ ధాతువుకు తాకడం, తడమడం అని అర్థం. చేత్తో తడిమి చూడడం నుంచి మనసుతో తడిమి చూడడం దాకా ఆ అర్థం సాగింది. పత్తి నలిపి చూసే చెయ్యిని తలుచుకోండి, సరిగ్గా అదే. ఇది బోర్డు మీద రాసిన రోజు కొందరు నోట్సులో ఎక్కించుకోవడం చూసి నాకు సంతోషం కలిగింది, ఎందుకంటే అది పరీక్షలో రాదని వాళ్ళకు తెలుసు.

నాన్న ఏ పక్షం

గైడు ప్రకారం నాన్న సైన్సుకు ప్రతినిధి, రైతులు మూఢనమ్మకానికి ప్రతినిధులు. క్లాసును రెండు గుంపులు చేసి, నాన్నను సైన్సు అనడానికి ఆధారాలు ఒకరూ, కాదనడానికి ఆధారాలు ఇంకొకరూ వెతకాలన్నాను.

మొదటి గుంపుకు దొరికినవి రెండే మాటలు. దేన్నీ ఊరికే నమ్మనివాడు, హేతువాది అని కవే అన్నాడు కదా అన్నారు. రెండో గుంపు ఆ మాటల పక్క లైనే చదివింది. తిట్లూ దీవెనలూ అన్నీ చేసి చూసినవాడు హేతువాది ఎట్లైతడు? పసరు ఎవరిచ్చిండ్రు? గ్యాస్‌నూనె పోసి అంటుపెట్టుడు ఏ సైన్సు? ‘మా తాత అదే చేసేది మేడమ్, ఆయన ఏం చదువుకోలె’ అన్నాడు ఒకడు.

అప్పుడు మొదటి గుంపులోంచి ఒక అమ్మాయి మంచి ప్రశ్న వేసింది: ‘అయితే కవి హేతువాది అని ఎందుకన్నడు? ఎక్కిరిస్తున్నడా?’ అరగంట వాదించుకున్నారు. ఎగతాళి అని కొందరు. కాదు, భార్య మెలికలు తిరుగుతుంటే ఏ మనిషైనా ఏదైనా చేస్తాడు, అది భయం అని కొందరు. ఒక్కరికి కూడా ‘మూఢనమ్మకమా సైన్సా’ అనే చట్రం గుర్తు రాలేదు. నేను తేల్చలేదు. ఆ ప్రశ్నకు ఒక్క లైను చూపించి తేల్చే వీలు కవితలో లేదని నా అభిప్రాయం, అదే వాళ్ళకు చెప్పాను. కొందరికి అది నచ్చలేదు. ‘ఫైనల్ ఆన్సర్ ఏంది మేడమ్’ అని బయటికి వెళ్ళేటప్పుడు కూడా అడిగారు.

ఈగల పోలిక ఇంకో తుపాను. ‘ఎవరికన్నా ఆపదొస్తే ఊరంత ఉరికొస్తది. అట్ల వచ్చినోళ్ళను ఈగలంటడా?’ అని నర్సంపేట వైపు అబ్బాయి ముఖం ఎర్రబడింది. కోపం న్యాయమైనదే. కోపంతోనే ఆగిపోకుండా, మిగతా కవితలో ఆ రైతుల గురించి ఏమున్నదో వెతకమన్నాను. దొరికింది. అమ్మను మధ్యలో పెట్టుకుని వాళ్ళు నేల మీద చుట్టూ కూర్చున్నారనీ, ప్రతి ముఖంలో అర్థం చేసుకున్న శాంతి ఉందనీ కవే అంటాడు. ఆ వెంటనే మరిన్ని కొవ్వొత్తులు, మరిన్ని లాంతర్లు, మరింతమంది ఇరుగుపొరుగు, మరిన్ని పురుగులు అంటాడు. మనుషులూ పురుగులూ మళ్ళీ పక్కపక్కనే. గౌరవమా, చిరాకా? రెండూ ఉన్నాయని ఆ అబ్బాయి రాశాడు. పేపరు చివర, ఈగలన్నది ఇంట్లో మూలకు నిలబడ్డ చిన్న పిల్లవాడికి ఆ రాత్రి వినిపించిన చప్పుడు కావచ్చని కూడా రాశాడు. నిజానికి కవి అక్కడ వాడిన క్రియ చప్పుడును చెప్పేదే. అతను దాన్ని పట్టుకున్నాడు.

నేను చేసిన తప్పు

రెండో వారం ఒక అమ్మాయి పేపరులో కవిత గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. మిగతా పేజీ అంతా వాళ్ళ అమ్మమ్మను పాము కరిచిన రాత్రి గురించి. రిచర్డ్స్ మాట తలలో ఉంది కదా, పక్కన ఎర్ర పెన్నుతో ‘ఇది నీ జ్ఞాపకం, కవిత ఎక్కడ?’ అని రాసిచ్చాను. తరువాత రెండు క్లాసులు ఆ అమ్మాయి నోరు విప్పలేదు. అంతకు ముందు రోజూ మాట్లాడే పిల్ల.

పిలిచి అడిగాను. కాసేపు తలొంచుకుని నిలబడి, ‘మేడమ్, నేను అప్పుడు తలుపు కాడ నిలబడి చూసుడే. ఎవ్వలు నాకేం చెప్పలే. ఈ కవితల పిలగాడు గూడ అంతే కదా’ అంది. ఏ లైన్లో ఉందని అడిగాను. కాగితం తెరిచి రెండు లైన్ల మీద వేలు పెట్టింది. మంట అమ్మను తింటుంటే నేను చూశాను. సాధువు మంత్రం వేస్తుంటే నేను చూశాను. రెండూ ‘నేను చూశాను’ అనే మొదలవుతాయి. రైతులు మాట్లాడతారు, నాన్న ఏదో ఒకటి చేస్తూ ఉంటాడు, ఆ పిల్లవాడు మాత్రం ఏమీ అనడు, ఏమీ చెయ్యడు, చూస్తాడు. నాన్న పెట్టిన మంటనూ సాధువు మంత్రాన్నీ ఒకే మాటతో పక్కపక్కన నిలబెడతాడు.

ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న కవిత. ఆ రెండు లైన్లూ ఒకే మాటతో మొదలవుతాయని తెలుసు కానీ, వాటిలో ఇంత ఉందని నేనెప్పుడూ చూడలేదు. తలుపు దగ్గర నిలబడి చూసిన పిల్ల కాబట్టే ఆమెకు కనిపించింది.

ఎర్ర పెన్నుతో రాసింది తప్పని ఆమెకే చెప్పాను, మర్నాడు ఆమె అనుమతి అడిగి క్లాసుకూ చెప్పాను. పద్ధతి మార్చుకున్నాను. జ్ఞాపకం రాయొచ్చు, ఎంతైనా రాయొచ్చు. రాశాక అది నిన్ను కవితలో ఏ లైను దగ్గరికి తీసుకెళ్ళిందో చూపెట్టాలి. తీసుకెళ్ళకపోతే అది నీ డైరీలో ఉంచుకో. రిచర్డ్స్ హెచ్చరిక సరైనదే. కానీ మన పిల్లలకు ఇంగ్లీషు కవితలోకి వెళ్ళే దారుల్లో జ్ఞాపకమే అన్నిటికంటే దగ్గరి దారి, దాన్ని నేను ముందే మూసేశాను.

20 గంటల తరువాత

క్రిటికల్ థింకింగ్ అంటే సాహిత్యం వరకే అనుకోవద్దని ఒక పీరియడ్ ఒకే ప్రశ్నకు కేటాయించాను: నొప్పి దేనివల్ల తగ్గింది? మంత్రమా, గ్యాస్‌నూనెనా, పసరా, ప్రార్థనా? కవితలో 20 గంటల తరువాత తగ్గిందనే ఉంది, ఎందుకు తగ్గిందో లేదు.

మా ఊళ్ళో మంత్రం వేస్తే తగ్గింది, నేను కళ్ళారా చూశాను అని ఇద్దరు చెప్పారు. వాళ్ళను కించపరచకుండా ముందుకెళ్ళడం ముఖ్యం. ‘మంత్రం వేయనివాళ్ళకు ఎంతసేపట్లో తగ్గింది, ఎవరైనా చూశారా?’ అని లైఫ్ సైన్సెస్ అమ్మాయి అడిగింది. గది నిశ్శబ్దమైంది. పెద్దవాళ్ళలో చాలా తేలు కాట్లు ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే నెమ్మదిస్తాయి. మంత్రం వేసినా, వేయకపోయినా. మన భాషలో దీనికి ఎంతో పాత మాట ఉంది, కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వాలినందుకే పడిందంటే ఎట్లా? లాజిక్ పుస్తకంలో లాటిన్ పేరు చదివించడం కంటే ఇది తొందరగా ఎక్కింది.

అక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అన్ని కాట్లూ వాటంతటవే తగ్గవు. ఎర్ర తేలు కాటు గుండెను దెబ్బతీస్తుంది, పిల్లలకు ప్రాణాపాయం. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ బీపీకి వాడే ప్రాజోసిన్ అనే మందుతో ఎందరినో కాపాడి ఆ వైద్యాన్ని ప్రపంచానికి తెలియజేశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కవిత గురించి ఎంతైనా వాదించుకోండి, ఇంట్లో ఎవరినైనా తేలు కుడితే మాత్రం నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి అని చెప్పాను. ఇంగ్లీషు క్లాసులో ఇదెందుకని ఎవరైనా అంటే, ఇదే ఇంగ్లీషు క్లాసు అంటాను.

కవి పేరు మూడో వారంలో చెప్పాను. అప్పటికి అందరూ ఏదో పల్లెటూరి హిందూ కుటుంబంలోని కవి అని నిశ్చయించుకున్నారు. 1924లో బొంబాయిలో బెనె ఇజ్రాయెల్ యూదు కుటుంబంలో పుట్టాడనీ, కవిత 1965 నాటి సంపుటిలోదనీ చెప్పగానే గదిలో గుసగుసలు. అయితే పోయిన జన్మ పాపాలు అన్నదెవరు? కాగితం చూశారు. ప్రతిసారీ ‘అని వాళ్ళన్నారు’ అని ఉంది. ఇంతకాలం ఆ ‘వాళ్ళన్నారు’ వాళ్ళ కళ్ళ ముందే ఉంది. కవి జీవితం తెలిశాక కవిత మారిందా, చదివే మనం మారామా అన్న చర్చకు బెల్లు మోగింది. రచయిత ఉద్దేశాన్ని బట్టి కవితను తూచకూడదని విమ్సాట్, బియర్డ్‌స్లే అనే ఇద్దరు అమెరికన్లు 1946లో వాదించిన సంగతి తరువాతి క్లాసులో పది నిమిషాల్లో చెప్పాను. ప్రశ్న వాళ్ళ దగ్గర ముందే ఉంది కాబట్టి పది నిమిషాలు సరిపోయాయి.

పరీక్ష సంగతి

‘ఇట్ల రాస్తే మార్కులు పడతయా?’ ఈ ప్రశ్నను తప్పించుకునే హక్కు నాకు లేదు. వాళ్ళ స్కాలర్‌షిప్పు, పీజీ సీటు మార్కుల మీదే నడుస్తాయి. పేపరు దిద్దేవాళ్ళకు కట్టలు కట్టలు ఉంటాయి, చేతిలో జవాబుల కీ ఉంటుంది. అందుకే ఒక చిన్న కొలత ఇచ్చాను: నువ్వనేది ఒక వాక్యంలో, కవితలోని మాటలు కొటేషన్లో, ఆ మాటల నుంచి నువ్వన్నది ఎలా వస్తుందో రెండు వాక్యాల్లో. ఇలా రాసిన పేరాకు ఏ కీ పట్టుకున్నా మార్కులు ఇవ్వక తప్పదు. ముందు తెలుగులో మాట్లాడి, తెలుగులో రాసి, తరువాత ఇంగ్లీషులోకి తెచ్చుకున్నారు. ఇంగ్లీషు వాక్యాలు పొట్టివయ్యాయి, తప్పులు కూడా ఉన్నాయి. కానీ అవి వాళ్ళ వాక్యాలు. 46 పేపర్లలో ఏ రెండింటికీ ఒకే మొదటి వాక్యం లేదు. సెమిస్టర్ పరీక్షలో మార్కులు పెరిగాయని నేను చెప్పను, అంతకు ముందు బ్యాచ్‌తో దాదాపు సమానం. తగ్గుతాయని భయపడ్డాను, తగ్గలేదు.

ఫోన్‌ను మొత్తానికి బయట ఉంచలేమని ఒక పీరియడ్ దానికే ఇచ్చాను. ఒకరు ఏఐ యాప్‌ను ఈ కవిత మీద వ్యాసం అడిగారు, ప్రింటు తీసి అందరికీ పంచాం. ఇంగ్లీషు మా అందరికంటే బాగుంది. పని ఒక్కటే: ప్రతి కొటేషన్‌ను కవితతో సరిచూడండి. ఐదు నిమిషాల్లో వెనక బెంచీ నుంచి అరుపు, ‘మేడమ్, ఈ లైను కవితల లేనే లేదు!’ నిజంగానే లేదు. అమ్మ కన్నీళ్ళ గురించి ఒక అందమైన లైను సొంతంగా అల్లి కవి పేరు మీద పెట్టింది. ఆ రోజు తరువాత యాప్ వాడడం మానేశారని కాదు, వాడినప్పుడు కాగితం పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టారు.

అదే పరీక్ష నాకూ వచ్చింది. చివరికి నాన్నలో మార్పు వస్తుందని నేను అలవాటుగా అన్నాను. పత్తి అబ్బాయి చెయ్యెత్తి, ‘ఏ లైన్ల మేడమ్?’ అన్నాడు. వెతికాను. అమ్మ మాటతో కవిత ముగుస్తుంది, మంట పెట్టిన తరువాత నాన్న మళ్ళీ కనిపించడు. నోట్సులో ఆ వాక్యం కొట్టేశాను.

కుదరనివి కూడా చెప్పాలి. ఒక్క కవితకు తొమ్మిది పీరియడ్లు పట్టింది. మిగతా పాఠాలు కొన్ని పరుగు మీద చెప్పాను, ఆ పాఠాలకు అన్యాయం జరిగింది. సిలబస్ ఎప్పుడవుతుందని స్టాఫ్‌రూంలో అడిగినవాళ్ళ ఆందోళన తప్పు కాదు. పది పన్నెండు మంది చివరిదాకా నోరు విప్పలేదు. వాళ్ళలో కొందరు కాగితం మీద బాగా రాశారు, ఐదారుగురు మాత్రం ఏ వైపూ చేరలేదు. మధ్యాహ్నం పీరియడ్లలో బస్సు టైముకు సగం గది ఖాళీ అయ్యేది, చర్చ అక్కడే తెగిపోయేది. ఇప్పుడు చర్చ పొద్దున పీరియడ్లోనే పెడుతున్నాను, కవితకు ఐదు పీరియడ్లకు మించి ఇవ్వడం లేదు.

పాము కరిచిన రాత్రి గురించి రాసిన అమ్మాయి సెమిస్టర్ చివర కాగితం ఇంటికి పట్టుకెళ్ళి వాళ్ళమ్మకు తెలుగులో చదివి వినిపించిందట. ఆమె బడికి పోలేదు. అంతా విని ఒకటే అడిగిందట: ‘ఆ తేలు ఎటు పోయింది? దాని పాణం ఎట్లున్నది?’

మా క్లాసులో ఎవ్వరం తేలు గురించి అడగలేదు. కాగితాలు మళ్ళీ తీశాం. ఇంట్లోకి తేలును తరిమింది పది గంటల వాన అని మూడో లైన్లో ఉంది. ఏడో లైన్లో, ఏమైతే అయిందని అది మళ్ళీ ఆ వానకే ఎదురెళ్ళిందని ఉంది. తోకను దయ్యపు తోక అన్న కవే ఈ మాట కూడా ఎందుకన్నాడని ఆ రోజు పీరియడ్ మొదలైంది.